ఎఫ్‌డీ బాండ్ ఇవ్వరట, పీడీఎఫ్ పంపారు. అమ్మను ఎట్లా ఒప్పించాలి?

ములుగు రోడ్డు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. చిన్న ఇంటి పంచాయితీ. తీర్పు మీరే చెప్పాలి.

మా అమ్మ పరకాల దగ్గర ఊళ్ళో ఉంటుంది. బాపు పోయి మూడేళ్ళయింది. పాత డిపాజిట్ గడువు తీరింది. దానికి ఈసారి పత్తి పైసలు కొన్ని కలిపి నాలుగు లక్షలు మళ్ళీ ఫిక్స్‌డ్ వేద్దామని బ్యాంకుకు తీసుకెళ్ళాను. కౌంటర్‌లో పిల్లాడు ఐదు నిమిషాల్లో పని ముగించి "అయిపోయిందమ్మా, మెసేజ్ వస్తది" అన్నాడు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. "బాండ్ ఇయ్యి బిడ్డా" అంది. "ఇప్పుడు బాండ్లు లేవమ్మా, మెయిల్‌కి వస్తది" అన్నాడు. "ఆ మెయిల్ ఎవరిది?" అని అడిగింది. నాది. ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి పీడీఎఫ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ అట. మన ఊళ్ళ సంగతి తెలిసిందే, అమ్మకు ఆధార్‌లో జనవరి 1. ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోలేదు. చివరికి చూస్తే బ్యాంకు రికార్డులో జూలై 1 అని ఉంది. అసలు పుట్టింది ఉగాది వెళ్ళిన నాలుగో రోజట, అది ఎక్కడా లేదు. సరే, తెరిచాం. సంతకం ఉండాల్సిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకం. సంతకం సరిచూడలేదని కింద ఇంగ్లిష్‌లో రాసి ఉంది. అమ్మకు చదివి చెప్తే, "బ్యాంకోడికే అనుమానం ఉన్నట్టుంది, నాకెట్ల నమ్మకం కుదురుతది" అంది.

ఈ పీడీఎఫ్‌కు విలువ ఉందా? పట్టుబట్టి బాండ్ అడగొచ్చా?

పోచమ్మ మైదాన్
శనివారం, రాత్రి 9:20

అమ్మకే నా ఓటు. మిగతాది అన్నం తిన్నాక చదువుతా.

రిటైర్డ్ క్యాషియర్
శనివారం, రాత్రి 10:05

బాబూ, ముందు ఒక మాట. మనం బాండ్ బాండ్ అంటాం గానీ అది బాండ్ కాదు, రసీదు. దాని మీద ఇతరులకు బదిలీ చేయడానికి వీల్లేదని అచ్చువేసి ఉంటుంది, చాలామంది గమనించరు. డబ్బు ఆ కాగితంలో లేదు, బ్యాంకు పుస్తకంలో ఉంది. నేను చేరిన కొత్తలో ఆ పుస్తకం నిజంగా పుస్తకమే. ఎర్ర బట్ట అట్ట, ఇద్దరు మోస్తే గానీ లేవని లెడ్జర్. ఇప్పుడు అది కంప్యూటర్. మీ అమ్మగారి నాలుగు లక్షలు అందులో ఎక్కిన క్షణం నుంచి డిపాజిట్ ఉన్నట్టే.

ఆ రసీదు తయారీ ఎంత తతంగమో ఈ కాలం పిల్లలకు తెలియదు. ఖాళీ ఫారాలకు వరస నంబర్లుంటాయి. అవి మేనేజర్ తాళం కింద ఉంటాయి. రోజూ ఎన్ని వాడాం, ఎన్ని పాడయ్యాయి అని రిజిస్టర్‌లో రాయాలి. ఒక్కటి లెక్క తప్పినా సాయంత్రం ఎవరూ ఇంటికి వెళ్ళరు. ప్రింటర్‌లో కాగితం వంకరపోతే గుండె ఝల్లుమనేది. ఇద్దరు అధికారుల సంతకాలు ఉండాలి. గడువు తీరాక వెనక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద నుంచి సంతకం పెట్టించి, తీసుకుని రద్దు చేయాలి.

అంత కట్టుదిట్టం చేసినా మోసం ఆగలేదు. మా శాఖలోనే ఒకాయన రసీదు పోయిందని, ఏం నష్టమొచ్చినా తనదే బాధ్యత అని నష్టపూచీ పత్రం రాసిచ్చి డబ్బు తీసుకెళ్ళాడు. ఏడాది తర్వాత ఒక వడ్డీ వ్యాపారి అదే రసీదు పట్టుకొచ్చాడు. తనకు తాకట్టు పెట్టారట. కాగితం అసలుదే. సంతకాలు మావే. దాని వెనకాల డబ్బే లేదు. ఆయన మా కౌంటర్ ముందు కూలబడిన తీరు నేను మర్చిపోలేదు.

కాబట్టి అమ్మగారికి చెప్పండి, కాగితం చేతిలో ఉండటం వేరు, డబ్బు ఖాతాలో ఉండటం వేరు. పాస్‌బుక్ తీసుకెళ్ళి ప్రింట్ వేయించండి. పొదుపు ఖాతా నుంచి డిపాజిట్‌కు వెళ్ళిన వరస అందులో కనిపిస్తుంది. పీడీఎఫ్ ప్రింట్ మీద సంతకం, సీలు వేసిమ్మని బ్రాంచిలో అడిగితే చాలాచోట్ల వేసిస్తారు.

కాజీపేట జంక్షన్
శనివారం, రాత్రి 10:40

ఆ పసుపు ప్రశ్నార్థకం గురించి నేను చెప్తా, నా పని అదే.

బ్యాంకు ఆ ఫైలుకు డిజిటల్ సంతకం పెట్టింది. ఆ సంతకం ఇచ్చిన సంస్థను నమ్మాలని మీ కంప్యూటర్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదు. అంతే తేడా. ఈ-ఆధార్ దింపుకున్నా ఇదే ప్రశ్నార్థకం వస్తుంది. కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిచి, సంతకం మీద నొక్కి, వివరాల్లోకి వెళ్ళి, ఆ సర్టిఫికెట్ మన ప్రభుత్వ సీసీఏ (డిజిటల్ సంతకాలిచ్చే సంస్థల మీద అజమాయిషీ దానిదే) కింద వచ్చిందో లేదో చూసి, నమ్మదగినవాటి జాబితాలో చేరిస్తే పచ్చ టిక్కు వస్తుంది. చూడకుండా చేర్చకండి, దొంగ సర్టిఫికెట్‌నూ అట్లాగే చేర్చొచ్చు. ఫోన్లో మామూలుగా ఫైలు తెరిచే యాప్‌లు చాలావరకు ఈ సంతకాన్ని సరిచూడవు.

ఈ సంతకం గొప్పతనం ఏమిటంటే, లోపల ఒక్క అంకె మార్చినా అది చెల్లకుండా పోతుంది. నాలుగు లక్షలను నలభై లక్షలు చేస్తే ఫైలే చెప్పేస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. దాన్ని ప్రింట్ తీసిన మరుక్షణం సంతకం ఎగిరిపోతుంది. చేతిలో మిగిలేది బొమ్మ మాత్రమే. జిరాక్స్ సెంటర్‌లో తీసిన కలర్ ప్రింట్, మీ ఫోన్లో ఉన్న ఫైలు చూడటానికి ఒకటే. ఒరిజినల్ మాత్రం ఫైలే. ఇది పెద్దవాళ్ళకు చెప్పడం కష్టం. మా నాన్నకు రెండేళ్ళుగా చెప్తున్నా.

చపాటా మిర్చి
శనివారం, రాత్రి 11:15

అంతా బాగుంది గానీ నేను ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్ళుగా కాంటా పెట్టేవాణ్ణి, కాగితం లేని మాట నమ్మను. తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ లేకుండా రైతు యార్డు దాటడు. బ్యాంకు మునిగిందనుకో, రేపు ఇన్సూరెన్స్ వాళ్ళకు ఏం చూపిస్తావు? ఫోన్ చూపిస్తావా?

ఇంకో మాట. మా బావమరిదికి వీడియో కాల్ వచ్చింది, పోలీసు డ్రెస్సులో ఎవడో ఉన్నాడు. డిజిటల్ అరెస్ట్ అన్నాడు. కాల్ కట్ చేయనీయకుండా రెండు ఎఫ్‌డీలు ఫోన్లోనే క్యాన్సిల్ చేయించి పంపించుకున్నాడు. అదే బాండ్ బీరువాలో ఉంటే? వీడు బస్సెక్కాలి, బ్యాంకుకు వెళ్ళాలి, స్టాంపు అంటించాలి, సంతకం పెట్టాలి. మేనేజర్ "ఏమైంది సార్, ఇంత తొందరగా?" అని ఒక్క మాట అడుగుతాడు. ఆ బస్సు ప్రయాణమే కాపలా. మీ స్మార్ట్ డాక్యుమెంట్ ఆ కాపలా తీసేసింది.

రిటైర్డ్ క్యాషియర్
ఆదివారం, ఉదయం 6:30

మిర్చి గారూ, ఇన్సూరెన్స్‌కు మీరు కాగితం చూపించే పని లేదు. బ్యాంకు మూతపడితే డిపాజిటర్ల జాబితా బ్యాంకు పుస్తకాల నుంచే, డిపాజిట్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే డీఐసీజీసీకి వెళ్తుంది. ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ అన్నీ కలిపి 5 లక్షల వరకు రక్షణ. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్షే. ములుగు రోడ్డు గారూ, నాలుగు లక్షలు ఐదేళ్ళకు వడ్డీతో కలిపి వేస్తే ఐదు దాటుతుంది, అదొకటి చూసుకోండి.

రెండో మాటకు మాత్రం జవాబు లేదు. ఒప్పుకుంటున్నా. అవసరం ఏమొచ్చిందని అడగడం మా ఉద్యోగంలో రాయని నియమం. యాప్ అడగదు. అట్లాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు కాదు, నిమిషాలు లెక్క. బ్రాంచిలో వేసిన డిపాజిట్ ఫోన్లో రద్దు కాకుండా పెట్టే వీలు కొన్ని బ్యాంకుల్లో ఉంది. పెద్దవాళ్ళ పేరు మీద వేసేటప్పుడు అడగండి.

టెండర్ బాధితుడు
ఆదివారం, ఉదయం 8:50

మీరంతా ఇంట్లో దాచుకునే ఎఫ్‌డీల గురించి మాట్లాడుతున్నారు. నా బాధ వేరు. నేను చిన్న సివిల్ కాంట్రాక్టర్ని, సీసీ రోడ్లు, కల్వర్టులు. ధరావతు కింద ఎఫ్‌డీ తీసి ఇంజినీరు హోదా పేరు మీద పూచీగా రాయించి ఒరిజినల్ ఇవ్వాలి. పని అయ్యాక కూడా మరమ్మతు గడువు తీరేదాకా ఆ కాగితం ఆఫీసులోనే ఉంటుంది. ఒక ఆఫీసులో (పేరు వద్దు, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి) గడువు తీరాక వెళ్తే ఫైలు ఉంది, అందులో రసీదు లేదు. ఆఫీసు మారినప్పుడు మూటల్లో ఎక్కడో కలిసిపోయిందట. ఇప్పుడు "పోయింది" అని ఆఫీసు రాసివ్వాలి. రాసిస్తే తప్పు వాళ్ళదవుతుంది. అందుకని రాయరు. బ్యాంకు ఆ ఉత్తరం లేకుండా కదలదు. నాలుగు నెలలు తిరిగాను. ఎఫ్‌డీ వడ్డీ కన్నా నా పెట్రోలు ఎక్కువైంది.

ఇదే పూచీ కంప్యూటర్‌లో పెట్టి, కంప్యూటర్‌లోనే తీసేస్తే ఏమవుతుంది? బ్యాంకు గ్యారంటీలకు 2022 నుంచి ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది, ఎన్‌ఈఎస్‌ఎల్ అనే సంస్థ ద్వారా. కాగితం లేదు, స్టాంపు పేపర్ కోసం పరుగు లేదు. ఎఫ్‌డీకి అట్లాంటిది రావాలని నేను రోజూ భద్రకాళికి మొక్కుతున్నా.

సుబేదారి వకీలు
ఆదివారం, ఉదయం 11:25

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఫీజు అక్కర్లేదు.

ఐటీ చట్టం 2000లోదే. ఎలక్ట్రానిక్ రికార్డుకు, డిజిటల్ సంతకానికి అప్పటి నుంచే గుర్తింపు ఉంది. కొన్ని పత్రాలను మాత్రం దాని పరిధిలోంచి తప్పించారు. వీలునామా అందులో ఒకటి. చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ పత్రాలు, అంటే చేతులు మారేవి, కూడా మొదట అట్లాగే బయట ఉన్నాయి, 2022లో కొన్నింటికి సడలింపు ఇచ్చారు. ఎఫ్‌డీ రసీదు ఆ కోవలోకి రాదు. క్యాషియర్ గారు చెప్పినట్టు అది చేతులు మారే పత్రమే కాదు. కాబట్టి ఎలక్ట్రానిక్ రూపంలో ఉండటానికి చట్టం అడ్డం రాదు.

కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63. పాతవాళ్ళకు పాత సాక్ష్య చట్టంలోని 65బీ అంటే అర్థమవుతుంది. ఫైలుతో పాటు సర్టిఫికెట్ జత చేయాలి, దాని హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరస) కూడా రాయాలి. ఉత్త ప్రింటవుట్ పట్టుకొస్తే అవతలి వకీలు లేచి నిలబడతాడు. నేనైనా నిలబడతాను. అయితే బ్యాంకు ఖాతా రికార్డుకు 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ఇప్పటికీ ఉంది. బ్యాంకు ధ్రువీకరించిన నకలు తెస్తే సరిపోతుంది. అంటే అప్పుడూ ఇప్పుడూ గొడవ వస్తే కోర్టు చూసేది బ్యాంకు పుస్తకాన్నే.

పోచమ్మ మైదాన్
ఆదివారం, మధ్యాహ్నం 12:10

అన్నం తిన్నాను, చదివాను. అమ్మకు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేం.

నర్సంపేట చిన్నకోడలు
ఆదివారం, మధ్యాహ్నం 3:30

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతా, ఇవాళ రాయాలనిపించింది.

మా మామయ్య రిటైర్డ్ టీచరు. ఫోన్ వాడటంలో మా పిల్లల కన్నా ముందుండేవారు. బ్రాంచికి వెళ్ళడం మానేసి యాప్‌లోనే డిపాజిట్లు వేసేవారు. కాగితాలు పెంచుకోవద్దమ్మా అని నాకే చెప్పేవారు. ఒక రాత్రి గుండెనొప్పి అన్నారు. హన్మకొండ చేరేలోపే అయిపోయింది.

దినాలయ్యాక బీరువా తెరిచాం. పొలం పాస్‌బుక్కు ఉంది, పెన్షన్ కాగితాలున్నాయి, పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రాలు గులాబీ రిబ్బను కట్టి ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్ల జాడ ఒక్కటి లేదు. ఫోన్ తెరుచుకోదు. మెయిల్ పాస్‌వర్డ్ తెలియదు. పెన్షన్ వచ్చే బ్యాంకులో అడిగితే అక్కడివి తెలిశాయి. ఇంకెక్కడైనా ఉన్నాయా అంటే ఎవరు చెప్తారు?

చివరికి మామయ్య ఆఖరి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసేటప్పుడు అకౌంటెంట్ గారు 26ఏఎస్ తీసి చూశారు, ఎవరెవరు ఎంత ట్యాక్స్ కోశారో చూపే పట్టిక అది. వడ్డీ మీద టీడీఎస్ (ముందే కోసే ట్యాక్స్) కోసిన బ్యాంకులు రెండు కనిపించాయి. రెండో బ్యాంకు పేరే మేం ఎప్పుడూ వినలేదు. వెళ్తే అక్కడ రెండు డిపాజిట్లు, కలిపి ఆరు లక్షల పైన. టీడీఎస్ కోయకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు. జీవితంలో మొదటిసారి ట్యాక్స్ కోసినందుకు దండం పెట్టాను.

అందుకే నాకు కాగితమా ఫైలా అన్న గొడవ అర్థం కాదు. ఏదైనా సరే, మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు దొరకాలి. పాత కాగితం బీరువాలో ఉండేది, బట్టల కింద చెయ్యి పెడితే తగిలేది. ఈ ఫైలు ఎక్కడుంటుంది?

కాజీపేట జంక్షన్
ఆదివారం, సాయంత్రం 5:00

అమ్మా, మీరు చెప్పిందే అసలు లోపం. మేం కాగితాన్ని ఫొటో తీసి దానికి డిజిటల్ అని పేరు పెట్టాం. పీడీఎఫ్ కూడా కాగితమే, ఇంకాస్త సులువుగా పోతుంది.

షేర్లు 1996లో డిపాజిటరీల చట్టం వచ్చాక కాగితం వదిలేశాయి. బ్యాంకులు పెద్ద సంస్థలకు అమ్మే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఉంది చూడండి, ఇప్పుడు కనీసం 5 లక్షలు పెట్టాలి, అది 2002 నుంచి డీమ్యాట్ రూపంలోనే, అంటే కాగితం లేకుండా ఖాతాలో నమోదు చేసే ఇవ్వాలి. పోస్టాఫీసు కూడా 2016లో అచ్చు పత్రాలు ఆపేసింది. మన మామూలు ఎఫ్‌డీ దగ్గరకొచ్చేసరికి బ్యాంకుకో తీరు.

స్మార్ట్ అంటే నా లెక్కలో, క్యూఆర్ కోడ్ కొడితే ఆ క్షణానికి డిపాజిట్ బతికే ఉందా, దాని మీద అప్పు ఉందా, పూచీ ఉందా అన్నది బ్యాంకు నుంచే రావాలి. అప్పుడు క్యాషియర్ గారి వడ్డీ వ్యాపారి మోసపోడు. టెండర్ అన్న ఆఫీసుల చుట్టూ తిరగడు. బ్యాంకు పేరు మారితే పత్రం మీద పేరూ మారాలి. మన జిల్లాలో కాకతీయ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) అయింది, దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత రసీదు చేతిలో పట్టుకుని బోర్డు వెతుక్కునేవాళ్ళను ఇప్పటికీ చూస్తుంటాం.

అన్ని బ్యాంకుల డిపాజిట్లు ఒకేచోట చూడటానికి 2021 నుంచి అకౌంట్ అగ్రిగేటర్ యాప్‌లు ఉన్నాయి.

నర్సంపేట చిన్నకోడలు
ఆదివారం, సాయంత్రం 5:20

చూశాం బాబూ. దానికి ఖాతాదారు అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వాల్సిన మనిషే లేరు.

కాజీపేట జంక్షన్
ఆదివారం, సాయంత్రం 5:24

నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రిటైర్డ్ క్యాషియర్
ఆదివారం, రాత్రి 7:45

పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు దగ్గరి డిపాజిటర్ల అవగాహన నిధికి (డీఈఏ) వెళ్తుంది. హక్కు పోదు, ఎప్పుడైనా అడిగి తెచ్చుకోవచ్చు. వెతకడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టారు. పేరుతో పాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ లాంటిది ఏదో ఒకటి ఇస్తే చూపిస్తుంది. కానీ అది పదేళ్ళ తర్వాతి మాట. చిన్నకోడలు గారి లాంటి వాళ్ళకు మొదటి ఏడాదిలో అక్కరకు రాదు.

నేను చేసేది చెప్తాను. పనిలో పనిగా నవ్వుకోండి. గడువులు, బ్యాంకు పేర్లు, రసీదు చివరి నాలుగు అంకెలు ఒక రెండు రూళ్ళ నోట్‌బుక్‌లో రాసి, మా ఆవిడ పసుపు కుంకుమ పెట్టే అరలో పెట్టాను. ఆమె రోజూ తెరిచే అర అదొక్కటే.

ములుగు రోడ్డు
సోమవారం, మధ్యాహ్నం 2:15

అందరికీ థాంక్స్. ఇవాళ సెలవు పెట్టి పని పూర్తి చేశా. మా కజిన్ కంప్యూటర్‌లో పచ్చ టిక్కు తెప్పించి అమ్మకు వీడియో కాల్‌లో చూపించా. "ఆ, ఇప్పుడు సరే" అంది. పాస్‌బుక్ ప్రింట్ వేయించా. పీడీఎఫ్‌ను చౌరస్తాలో కలర్ ప్రింట్ తీయించి, బ్రాంచిలో సీలు వేయించి, లామినేషన్ కూడా చేయించి ఊళ్ళో ఇచ్చి వచ్చా. అమ్మ రెండు వైపులా తిప్పి చూసి, వెనక ఏమీ లేదేంది అని అడిగింది. తర్వాత బీరువాలో బాపు పంచెల కింద పెట్టింది.

రిటైర్డ్ క్యాషియర్
సోమవారం, మధ్యాహ్నం 2:40

శభాష్. ఒక్కటి చూడండి. ప్రింట్ మీద నామినేషన్ అనే గడి ఉంటుంది. నామినీ పేరు వేయకపోవచ్చు, ఖాతాదారు సరేనంటేనే పేరు వేస్తారు. నమోదైంది అని మాత్రం ఉండాలి. ఏముంది?

ములుగు రోడ్డు
సోమవారం, సాయంత్రం 6:30

సార్, ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. అమ్మకు ఇంగ్లిష్ రాదు కదా, పక్కింటి ఏడో తరగతి పాపను పిలిచి చదివించింది. ఎన్, ఓ అని ఉందట.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాత బాండ్ మీద మీ బాపు పేరుండె" అంది. కొత్తది వేసేటప్పుడు ఆ పిల్లాడు అడగలేదు, నాకూ తట్టలేదు.

రిటైర్డ్ క్యాషియర్
సోమవారం, సాయంత్రం 6:50

అనుకున్నా. కంగారేం లేదు, ఇప్పుడైనా ఇవ్వొచ్చు. 2025 నవంబర్ 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలుగా పెట్టొచ్చు, ఎవరికి ఎంత శాతమో రాయొచ్చు, మొత్తం నూరు కావాలి. ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీనే బ్యాంకులో కూడా పెట్టించండి, లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర మళ్ళీ ఇదే తంటా. నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషే, సొంతదారు కాదు. వకీలు గారు వివరంగా చెప్తారు.

సుబేదారి వకీలు
సోమవారం, రాత్రి 8:10

చెప్పేశారుగా. నామినీ వారసుల తరఫున తీసుకుంటాడు, అంతే. పంచుకోవడం వారసత్వం ప్రకారమే.

ములుగు రోడ్డు
సోమవారం, రాత్రి 9:05

నాకు సగం, చెల్లెకు సగం రాయమంది. చెల్లె గురువారం వస్తుంది, ముగ్గురం కలిసి వెళ్తాం. కొత్త ప్రింట్ చెల్లె మెయిల్‌కు కూడా రావాలట. అమ్మ ఆర్డర్.

పోచమ్మ మైదాన్
సోమవారం, రాత్రి 9:07

అంటే ఇంకో లామినేషన్.